షాదీఖానా శిలాఫలకం కన్నా ముందు సర్వే నంబరు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా షాదీఖానా (ముస్లింల పెళ్లిళ్ల హాలు) కడతారన్న మాట పొక్కితే తర్వాత జరిగే వరస మీ విలేకరులకు కొత్త కాదు. ఆదివారం కొబ్బరికాయ కొడతారు. సోమవారానికల్లా "మసీదు లేస్తోంది" అని వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంది. మంగళవారం ఎంపీడీవో ఆఫీసు ముందు టెంటు వేస్తారు. బుధవారం పేపర్లో "ఉద్రిక్తత" అని పడుతుంది. ఆ నాలుగు రోజుల్లో స్థలం సర్వే నంబరెంత, రికార్డులో అది ఏ రకం భూమి, అక్కడి వాననీరు ఏ బోదెలోకి, అంటే ఏ చిన్న కాలువలోకి దిగుతుంది అని అడిగిన మనిషి ఒక్కడు కనపడడు. పంచాయతీ, సర్వే, డ్రెయిన్ల పనులు చూసి రిటైరైన మేము ఈ ఉత్తరం రాస్తున్నది ఆ అడగని ప్రశ్నల గురించే. ఈ తగాదాలకు అసలు మూలం తొందరపడి వేసిన శిలాఫలకమని మా అభిప్రాయం. భూమి తేలకుండా రాయి నాటినవాళ్లూ, భూమి సంగతి అడగకుండా మతం ఎత్తుకున్నవాళ్లూ కలిసి ఊరి నెత్తిన దీన్ని పెడుతున్నారు.

ముందు షాదీఖానా అంటే ఏమిటో చెప్పుకుందాం, మసీదుతో ముడిపెట్టేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి. అది పెళ్లిళ్ల హాలు. నిఖా, వలీమా, చనిపోయినవాళ్ల నలభయ్యో రోజు భోజనాలు, రంజాన్‌లో ఇఫ్తార్, మిగతా రోజుల్లో కుట్టుమిషన్ల శిక్షణో, ట్యూషనో, కంటి వైద్య శిబిరమో అక్కడ జరుగుతాయి. సెంటున్నర ఇళ్ల స్థలంలో బతికే టైలరూ, పరుపులు కుట్టేవాడూ, ఆటో డ్రైవరూ నాలుగొందల మందిని ఎక్కడ కూర్చోబెట్టి అన్నం పెడతాడు? టీటీడీ కల్యాణ మండపాలు, కులసంఘాల భవనాలు, అంబేడ్కర్ భవనాలు, క్రైస్తవుల కమ్యూనిటీ హాళ్లు మన పక్కనే ఉన్నాయి. వాటిలో ప్రభుత్వ సొమ్ముతో లేచినవి చాలానే. వాటికి లేని అభ్యంతరం దీనికి ఎందుకన్నదానికి ఇంతవరకు మాకు సరైన జవాబు వినపడలేదు. "వీళ్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు" అనేవాళ్లు రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు అక్కడి పాత మసీదు గుమ్మం మీద శాసనం చూడవచ్చు. అది 1324 నాటిది, ధవళేశ్వరం ఆనకట్టకు ఐదు వందల ఏళ్ల ముందుది. ఊళ్లలో మొహర్రంకు పీర్లెత్తేవాళ్లలో హిందువులూ ఉన్నారని మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ముచ్చట ఇంతటితో వదిలేసి భూమి సంగతికి వద్దాం, తగాదా ఉన్నది అక్కడే.

స్థలం చూపించగానే చేయాల్సిన మొదటి పని తహసీల్దారు ఆఫీసులో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అదే మన వాడుకలో డైగ్లాట్, తీయించడం. అడంగల్ (ఏటా రాసే సాగు రికార్డు) ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. అడంగల్లో నిన్న మొన్న మార్పులు పడి ఉండొచ్చు, డైగ్లాట్లో అసలు వర్గీకరణ ఉంటుంది. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన రాసుకోకపోతే ఒకే స్థలం మీద ఇద్దరూ రెండు కాగితాలు పట్టుకుని కొట్టుకుంటారు. తర్వాత గ్రామ సచివాలయం సర్వేయర్ చేత ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి నాలుగు మూలలా రాళ్లు పాతించాలి. "ఆ కొబ్బరిచెట్టు దగ్గర్నుంచి ఈ గట్టు దాకా" అని వేలితో చూపించిన హద్దు పునాది తవ్వేటప్పుడు కనీసం ఒక మీటరు జరుగుతుంది. ఆ మీటరు మీదే కేసు పడుతుంది.

వర్గీకరణలో ఏముంటే ఏం చేయాలన్నది వేరు వేరు. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) అయితే పెద్ద చిక్కు ఉండదు. చెరువు పోరంబోకు (చెరువు కింద రాసిన ప్రభుత్వ భూమి) అయితే ఎంత ఎండి, ఎంత పూడిపోయి, ఎన్నేళ్లుగా చెత్త పోస్తున్నదైనా సరే వదిలేయాలి. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల్లో, చెరువుల్లో కట్టినవాటిని తొలగించమని చెప్పాక, అలాంటి చోట కట్టిన హాలుకు ఎప్పటికైనా నోటీసు వస్తుంది. కాలువ పోరంబోకు, గట్టు ఇరిగేషన్ శాఖవి. పంచాయతీ తీర్మానం చేసినా అవి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. పైగా కాలువ హద్దు నుంచి 9 మీటర్లు వదలాలని భవన నిబంధన. డెల్టాలో ఈ 9 మీటర్లే అందరూ మరిచిపోయేది, మనకు కాలువలేని ఊరు లేదు కాబట్టి. అసైన్డ్ భూమిని (పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చినది) ఎవరో పెద్దమనసుతో "దానం" ఇచ్చారంటే సంబరపడొద్దు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద అలాంటి బదిలీ చెల్లదు. 20 ఏళ్లు దాటిన పట్టాలకు తర్వాత ఇచ్చిన సడలింపు దానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. దేవాదాయ భూమి, వక్ఫ్ (ముస్లిం ధార్మిక పనులకు శాశ్వతంగా అంకితమిచ్చిన) భూమి రెండూ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటాయి. ఆ జాబితా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూడొచ్చు, ఆన్‌లైన్లోనూ చూడొచ్చు. పావుగంట పని అది. ఆ పావుగంట పెట్టకుండా కొబ్బరికాయ కొట్టి, మూడేళ్లు కోర్టుకు తిరిగేవాళ్ల కోసమే కాబోలు "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అన్నారు.

ప్రభుత్వ భూమి అని తేలితే అది శాఖకు దఖలు పడాలి. దాన్నే ఎలియనేషన్ అంటారు. వీఆర్వో రిపోర్టు, సర్వేయరు స్కెచ్, పంచాయతీ తీర్మానం, ఏ-1 నోటీసు (ఊరి అభ్యంతరాలు కోరే ప్రకటన), అభ్యంతరాల విచారణ, తహసీల్దారు ప్రతిపాదన, ఆర్డీవో మీదుగా కలెక్టరు, విలువను బట్టి ఇంకా పైకి. అన్నిటికన్నా ముఖ్యం ఏ-1 నోటీసు, తూతూమంత్రంగా నడిచేదీ అదే. నోటీసును ఆఫీసు గోడకు అంటించి, ఫొటో తీసి, సాయంత్రానికి గాలికి వదిలేస్తే "అభ్యంతరాలు లేవు" అని రాసుకోవడం తేలికే. స్థలంలో ఒక బోర్డు, సచివాలయంలో ఒక ప్రతి, ఊళ్లో టముకు, ఈ మూడూ ఉండాలి. నోటీసులో "కమ్యూనిటీ అవసరాలకు" అని గోడమీద పిల్లివాటంగా రాయకూడదు. "ముస్లిం మైనారిటీల షాదీఖానా, ఇంత విస్తీర్ణం, ఫలానా సర్వే నంబరు" అని విప్పి రాయాలి. దాచి రాసిన నోటీసే తర్వాత "దొంగచాటుగా కడుతున్నారు" అనేవాళ్ల చేతికి ఆయుధమవుతుంది.

ఇది మన ఊళ్ల జబ్బే అనుకోనక్కర్లేదు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో అనే ఊళ్లో ముస్లింలు ఇస్లామిక్ సెంటర్ కడతామంటే 2010 మేలో అక్కడి ప్లానింగ్ కమిషన్ అనుమతిచ్చింది. వ్యతిరేకించినవాళ్లు కోర్టులో మతం గురించి ఎంతో వాదించారు. ఆ ఆగస్టులో స్థలంలో ఉన్న యంత్రాలకు ఎవరో నిప్పు పెట్టారు కూడా. కానీ 2012లో అక్కడి కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది మాత్రం మతం మీద కాదు, సమావేశానికి ఇచ్చిన ప్రకటన సరిపోలేదని. ఫెడరల్ కోర్టు అడ్డుపడితే ఆ ఆగస్టులోనే సెంటరు తెరుచుకుంది. ప్రకటన సరిపోతుందని పై కోర్టు తర్వాత తేల్చింది. అంటే రెండేళ్ల తగువు చివరికి ఒక పేపరు ప్రకటన మీద నిలబడింది. న్యూయార్క్‌లో 2010లోనే పార్క్ ప్లేస్ వీధిలో తలపెట్టిన ఇస్లామిక్ సెంటరుది ఇంకో దారి. 2001 ఉగ్రదాడిలో కూలిన జంట భవనాల స్థలానికి రెండు వీధుల దూరంలో ఉందని దేశమంతా గోల. అది ప్రైవేటు స్థలం, ప్రత్యేక అనుమతే అక్కర్లేని జోను. స్థానిక బోర్డు 29 మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా మద్దతిచ్చింది. పాత కట్టడంగా కాపాడాలన్న పిటిషన్ను నగర కమిషన్ 9–0 తో తోసిపుచ్చింది. అన్నీ కలిసొచ్చినా అనుకున్న 13 అంతస్తుల భవనం లేవనే లేదు, చివరికి అక్కడ లేచింది ఖరీదైన ఫ్లాట్ల టవరు. కాగితం గట్టిగా ఉన్నంత మాత్రాన హాలు లేస్తుందని మేమనడం లేదు. కాగితం వదులుగా ఉంటే మాత్రం ఎవరు తోసినా పడిపోతుంది.

ఇప్పుడు వాట్సాప్ మాటలు రెండు చూద్దాం. మొదటిది, "ఇవాళ షాదీఖానా, రేపు మసీదు". గ్రామాల్లో ప్రార్థనా మందిరానికి కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి, అది గుడికీ చర్చికీ మసీదుకీ ఒకే మాట. కమ్యూనిటీ హాలుగా ప్లాను మంజూరైతే అది హాలే. పెళ్లికొచ్చినవాళ్లు నమాజు వేళకు ఒక మూల చాపలు పరుచుకున్నంత మాత్రాన హాలు మసీదైపోదు, కల్యాణ మండపంలో సత్యనారాయణ వ్రతం చేస్తే అది గుడి కానట్టే. పక్కాగా ఉండాలంటే మంజూరు ఉత్తర్వులో, కమిటీ ఒప్పందంలో వినియోగం ఏమిటో ఒక షరతు రాయించుకోవచ్చు. ముస్లిం పెద్దలే ముందుగా అడిగి రాయించుకుంటే సగం నోళ్లు అక్కడే మూతపడతాయి. రెండోది, "హాలు కడితే ఆ భూమి వక్ఫ్ అయిపోతుంది". 2025 సవరణ తర్వాత వక్ఫ్‌నామా రాతపూర్వకంగా లేకుండా కొత్త వక్ఫ్ పుట్టదు. వాడుక వల్ల వక్ఫ్ అనే పాత పద్ధతి ఇకముందుకు లేదు. ఆ సవరణ చట్టంలో కొన్ని సెక్షన్ల అమలును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న ఆపింది గానీ, ఈ తొలగింపును ఆపలేదు. సర్కారు షరతులతో ఇచ్చిన స్థలం సర్కారుదే. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఈ భయానికి మాత్రం ఆధారం లేదు.

డబ్బు ఎక్కడిదన్నదీ ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బును బట్టి స్థలం మారుతుంది. మైనారిటీ సంక్షేమ శాఖ నిధి ఒక దారి. కేంద్రం జన వికాస్ కార్యక్రమంలో సద్భావ మండపాలు (కమ్యూనిటీ హాళ్లు) ఇంకో దారి. ఎంపీ నిధులు అడుగుదామనుకుంటే, ప్రార్థనా స్థలం ఆవరణలో గానీ మతసంస్థకు చెందిన భూమిలో గానీ ఆ నిధులతో పని చేయకూడదు. మసీదు ప్రహరీ లోపలే ఖాళీ ఉంది కదా అని అక్కడ చూపించి, ఎంపీ గారి చేత హామీ ఇప్పించుకుని, ఏడాది తర్వాత ఫైలు వెనక్కి వచ్చాక తెల్లమొహం వేయడం ఇందుకే.

ఇక విస్తీర్ణం. నాయకులు చేసే అసలు అన్యాయం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. పది సెంట్లో పదిహేను సెంట్లో చూపించి చేతులు దులుపుకుంటారు. నాలుగొందల మంది వచ్చే పెళ్లికి లెక్క ఇలా ఉంటుంది. ఒకసారి కూర్చునేవాళ్లు 250 మంది అనుకుంటే, కుర్చీలకు మనిషికి 0.6 చదరపు మీటర్ల చొప్పున 150. బంతికి 150 మంది భోజనానికి మనిషికి ఒకటిన్నర చొప్పున 225. వంటశాల 40, పెళ్లికూతురు పెళ్లికొడుకు వాళ్లకు రెండు గదులు కలిపి 40, మరుగుదొడ్లు 40. మొత్తం 495 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు కట్టడం. ఆడవాళ్లకు వేరే భాగం కావాలి కాబట్టి ద్వారాలు, మరుగుదొడ్లు రెండేసి ఉంటాయి, ఇందులో తగ్గించడానికి లేదు. పార్కింగ్‌కి నూరు మోటారు సైకిళ్లు, ఇరవై ఆటోలు, పదిహేను కార్లు అనుకుంటే, తిరిగే దారితో కలిపి 785 చదరపు మీటర్లు, అది పంతొమ్మిది సెంట్ల పైనే. సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), వంట పెరడు, సెప్టిక్ ట్యాంకు కలుపుకుంటే నలభై సెంట్లు. నలభై కావాల్సిన చోట పదిహేను ఇస్తే మిగతా పాతిక ఎక్కడ దొరుకుతుంది? కాలువ గట్టు మీద. బడి బస్సు ఆగిపోతుంది, అంబులెన్సు ఆగిపోతుంది, తిట్లు మాత్రం పెళ్లివాళ్ల మతానికి పడతాయి.

ఈ కొలతకే ఇంకో శాఖ కాగితం ముడిపడి ఉంది. జనం గుమికూడే భవనం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. పైన చెప్పిన హాలుకు తప్పనిసరి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, వంటశాల గ్యాసు సిలిండర్లు గోడ బయట ఉండాలి. డెకరేషన్ వాళ్లు రెండో ద్వారానికి అడ్డంగా గుడ్డ కట్టేయడం మన అన్ని ఫంక్షన్ హాళ్లలో ఉన్న జబ్బు, ఒక్క షాదీఖానాదే కాదు.

మురుగు గురించి కొంచెం ఎక్కువ రాస్తాం, డెల్టాలో నిజమైన అభ్యంతరం ఇదొక్కటే అని మా నమ్మకం. మనకు దొరికే ఖాళీ స్థలం ఎప్పుడూ పల్లమే, మెరక స్థలాల్లో ఇళ్లు ఎప్పుడో లేచాయి. ఆ పల్లం ఇన్నాళ్లూ పక్క చేల వాననీటిని తన మీదుగా మురుగు బోదెలోకి పంపేది. నలభై సెంట్లను ఒక మీటరు మెరక చేయాలంటే దిమ్మిస కొట్టినప్పుడు అణిగేది కలుపుకుని పంతొమ్మిది వందల ఘనమీటర్ల పైన మట్టి, అంటే వంద ఘనపుటడుగుల ట్రాక్టర్లు ఏడొందలకు దగ్గర. ఆ మట్టి పడ్డ రోజు నుంచి పై చేల నీరు దిగదు. ఒక్క రోజులో పది సెంటీమీటర్ల వాన పడితే ఈ నలభై సెంట్ల మీద పడేదే లక్షా అరవై వేల లీటర్లు. ఇన్నాళ్లూ ఇంకినదీ, నిలిచినదీ ఇకమీదట పక్క వరిచేలోకి పరిగెడుతుంది. నాట్లు వేసిన వారానికి ఇలా మునిగితే రైతు మళ్లీ నారు వెతుక్కోవాలి. అతను "మా చేను మునిగిపోతుంది" అని పెట్టిన అర్జీని మతద్వేషం కింద జమకట్టడం తప్పు.

దీనికి మందు పెద్ద ఖరీదైనదేమీ కాదు. మట్టి పోయకముందే హద్దు వెంట నిలుపుదల గోడ కట్టాలి, లేకపోతే మొదటి వానకే మెరక జారి బోదె పూడుతుంది. స్థలం చుట్టూ లోపలివైపు ఒక కాలువ, దాన్ని మురుగు బోదెలోకే కలపాలి, పంట బోదెలోకి కాదు. దారి కోసం బోదె మీద వేసే తూరలు (గొట్టాలు) 300 మిల్లీమీటర్లవి వేసి ఊరుకుంటారు. గుర్రపుడెక్క ఒక చుట్ట అడ్డం పడితే అవి మూసుకుపోతాయి. 600కు తగ్గకూడదు, అడుగు మట్టం బోదె అడుగుకన్నా పైకి ఉండకూడదు. ఈ మట్టాలు తీయడానికి సరైన కాలం వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన రోజులు. అప్పుడు బోదె అడుగు కంటికి కనపడుతుంది. లంక గ్రామాల్లో, ఏటిగట్టుకు దగ్గర ఊళ్లలో పునాది ఎత్తుకు రోడ్డు మట్టం చూడొద్దు. 1986 వరద, 2022 జూలై వరద ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో గుర్తులుంటాయి, వాటికి పైన పెట్టాలి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో ఏ మతం వాళ్ల హాలైనా గాలివానకు జనం తలదాచుకునేలా శ్లాబుతో, మేడమీదికి బయటి మెట్లతో కట్టడమే తెలివి. అలా కట్టిన హాలును ఊరు తనది అనుకుంటుంది కూడా.

కట్టుబడిలో మన నేలకు ప్రత్యేకమైనవి రెండున్నాయి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, కింద మెత్తటి బంక. కనీసం రెండు చోట్ల పది మీటర్ల దాకా బోరు వేసి మట్టి పరీక్ష చేయించకుండా "పక్కింటాయన నాలుగడుగుల గుంట తీశాడు, మనమూ తీద్దాం" అంటే గోడలు మొదటి వేసవికే చీలతాయి. ఉబ్బే నేలకు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే పునాది స్తంభాలు) వాడతారు, కింద ఉబ్బు కాండానికి రెండున్నర రెట్లు, అంటే 300 మిల్లీమీటర్ల కాండానికి 750. నీరు ఊరే చోట గుంత గోడలు కూలతాయి, వాటిని నిలబెట్టే బెంటనైట్ బురద వాడని మేస్త్రీకి ఆ పని ఇవ్వొద్దు. రెండోది ఉప్పు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం వైపు బోరు నీళ్లలో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. ఇనుమున్న కాంక్రీటులో వాడే నీటికి క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. కాలువ నీళ్లు వాడాలి, కాలువలు కట్టేసేది సరిగ్గా కట్టుబడి ఊపందుకునే వేసవిలో. అందుకే ముందే తొట్టి కట్టి నింపుకోవాలి.

నిధులు విడతలుగా వచ్చి స్తంభాల దగ్గర ఆగిపోయిన హాళ్లు మనకు కనపడుతూనే ఉంటాయి. 5,300 చదరపు అడుగులకు మేస్త్రీల మోటు లెక్కన ఇరవై టన్నుల పైన ఇనుము, రెండు వేల పైన బస్తాల సిమెంటు పడుతుంది. చేతిలో ఉన్నది అందులో మూడోవంతుకే సరిపోతే హాలంతా పునాది తీయకుండా ఒక భాగాన్ని శ్లాబు దాకా పూర్తి చేయడం నయం. పైకి పొడుచుకొచ్చిన చువ్వలను సముద్రపు గాలికి వదిలేస్తే రెండేళ్లలో పొరలు రాలతాయి. పని ఆగేరోజున వాటికి సిమెంటు పాలు పూసి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో కప్పేయాలి.

పెళ్లినాటి వాడకం నీరు మనిషికి పదిహేను లీటర్లు మరుగుదొడ్లకు, పది లీటర్లు వంటకూ కడుగుడుకూ వేసుకుంటే నాలుగొందల మందికి పది వేల లీటర్లు, రెండు ట్యాంకర్లు. యాభై కిలోల బియ్యం బిర్యానీకి ఉడికించి వార్చిన గంజి, డేగిశాల జిడ్డు అందులోనే. ఇంటికి కట్టే సెప్టిక్ ట్యాంకు దీనికి చాలదు. శ్రావణంలో నేలనీరు చేతికందే ఊళ్లలో ఇంకుడు గుంత పనిచేయదు, నిండి పైకి పొంగుతుంది. జిడ్డు పట్టే చిన్న తొట్టి, రెండు అరల ట్యాంకు, తర్వాత కంకర నింపిన ఫిల్టరు, ఆ పైన పంచాయతీ డ్రెయిను. తాగునీటి బావికి, బోరుకు 18 మీటర్లు దూరం. ఊరి మంచినీళ్ల చెరువు పక్కన స్థలమైతే ఇంకా ఎక్కువ దూరం జరపాలి, లేదా ఆ స్థలమే వద్దనుకోవాలి. అక్కడ అభ్యంతరం పెట్టిన ఊరిది తప్పు కాదు.

మైకుల గురించి రెండు మాటలు చాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషేధం. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. బడి, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. ఇది ఊరేగింపు డీజేకీ, భజనకీ, కూటాలకీ, బరాత్‌కీ ఒక్కటే. ఎవరి డీజే వాళ్లకు కీర్తన, ఎదుటివాడిది గోల అనుకోవడం మానితే పోలీసులకు సగం పని తగ్గుతుంది.

అభ్యంతరం ఉన్నవాళ్లు టెంటు వేసేముందు ఒక కాగితం రాయాలి. సర్వే నంబరు, ఏ నిబంధన తప్పారు, మీకు కలిగే నష్టం ఏమిటి, ఈ మూడూ రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. రికార్డు నకళ్లకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10, గడువు 30 రోజులు. సోమవారం కలెక్టరేట్ అర్జీల వేదిక ఉండనే ఉంది. "మా ఊళ్లో వాళ్ల హాలు వద్దు" అన్న ఒక్క వాక్యమే రాసిన అర్జీ చట్టం ముందు చిత్తుకాగితం. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఏం జరిగిందో, తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆగి ఎంతమంది చిరు వ్యాపారులు ఇబ్బంది పడ్డారో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఫార్వర్డ్ నొక్కే వేలికి అది గుర్తుండాలి.

ముస్లిం పెద్దలకూ ఒక మాట. కమిటీని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి. కరెంటు మీటరు వ్యక్తి పేర కాకుండా కమిటీ పేర తీసుకోండి. అద్దె రేటు గోడమీద రాయించి ఏ మతంవాళ్ల పెళ్లికైనా అదే రేటుకివ్వండి. ప్లాను కాపీని మీరే స్థలంలో బోర్డుకు అంటించండి. రాజకీయ నాయకుడి చేత తొందరపడి కొబ్బరికాయ కొట్టించుకోవద్దు. ఎన్నికల ముందు కొట్టినవాటిలో చాలా వాటికి ఇవాళ్టికీ రాయి తప్ప ఇంకేమీ లేదు.

చివరిగా మీ పత్రికకు ఒక మనవి. ఇలాంటి వార్త వేసినప్పుడు "వివాదాస్పద స్థలం" అని మాత్రమే రాయకుండా, సర్వే నంబరు, డైగ్లాట్ వర్గీకరణ, విస్తీర్ణం, ఏ-1 నోటీసు తేదీ, ఈ నాలుగూ ఒక పెట్టెలో వేయండి. విలేకరి తహసీల్దారు ఆఫీసుకు ఒకసారి వెళ్తే దొరుకుతాయి. దొరక్కపోతే "అడిగినా ఇవ్వలేదు" అని అదే పెట్టెలో వేయండి.

ఇట్లు
పంచాయతీరాజ్, సర్వే, డ్రైనేజీ శాఖల్లో పనిచేసి రిటైరైన కొందరు,
అమలాపురం